పది సెకన్ల తెర

జిరాక్స్ షాపాయనకు వీధిలో 'డాక్టరు' అని పేరు. కంప్యూటర్ల నాడి పట్టగలడని. ఆ పేరంటే లోలోపల మహా ఇష్టం. పైకి మాత్రం "ఊరుకోండి" అంటాడు.

వదిన ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని తెలిసి, అడక్కుండానే అందులో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. "ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు వదినా, వంటగదులు వేరు. గొడవే ఉండదు" అన్నాడు. ఆవిడ నవ్వింది. కుట్టుపని నేర్పే మనిషి. ఒక్క వేలితో ఐదేళ్లుగా టైపు చేసుకున్న పాఠాలన్నీ పాత వంటగదిలోనే ఉన్నాయి.

చెప్పాల్సిన ఒక్క ముక్కా మరిచాడు. ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు వస్తాయి. పది సెకన్లలోగా కింద ఉన్న పాతదాని పేరు ఎంచుకోకపోతే కొత్తదే తెరుచుకుంటుంది. వదినేమో స్విచ్చి నొక్కి, కళ్లజోడు తుడుచుకోవడానికి లోపలికి వెళ్తుంది. ఆ తెర ఆవిడ కంట పడనే లేదు.

మూడు వారాల తర్వాత వెళ్లేసరికి వదిన బల్లకు అతుక్కుపోయి టైపు చేస్తోంది.

"ఏంటి వదినా, కొత్త పాఠమా?"

"పాతవే మరిదీ. ఏదో నొక్కేశాను, అన్నీ పోయాయి. గుర్తున్నంత మళ్లీ కొడుతున్నా. ముప్పై ఒకటి అయ్యాయి. కాలరు కొలతే ఎంతకీ తెగట్లేదు."

ఆయనకు ఆ నల్లటి తెర అప్పుడు గుర్తొచ్చింది. "నాకో ఫోన్ చేయొచ్చుగా."

"చేసి? నేను మౌస్ గాల్లో ఊపానని షాపులో అందరికీ చెప్పి నవ్వించావటగా. మళ్లీ ఎందుకులే అనుకున్నా." కోపంగా కాదు, దారం తెంపినంత మామూలుగా అంది.

నిజమే. చెప్పడమేమిటి, ఊపి మరీ చూపించాడు.

ఇప్పుడు గుట్టుగా ఆ పాఠాలు బయటికి లాగి, "వెతికి తీశాను" అంటే డాక్టరు పేరు రెట్టింపవుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు. "కళ్లజోడు తీయకు వదినా, ఇటు చూడు."

పది. తొమ్మిది. ఎనిమిది. బాణం గుర్తు నొక్కాడు. పాఠాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

"నువ్వేం నొక్కలేదు. ఇది చెప్పడం నేనే మరిచాను."

వదిన కాలరు పాఠం తెరిచింది. "పదిహేనున్నర. నేను పదిహేను వేశా" అని గొణుక్కుంది. తర్వాత కళ్లజోడు పైనుంచి చూసింది.

"మరి దీన్ని షాపులో ఎలా చేసి చూపిస్తావు మరిదీ?"

డాక్టరు కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు.