అలస్డేర్ అడగందే ముట్టుకోడు

అలస్డేర్ ప్రింగిల్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. అనుమతి లేనిదే ఎవరి సొత్తూ ముట్టుకోడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. వాళ్ళ ఊరు డునెడిన్‌లో ఎవరైనా కొత్త జోకు చెబితే అందరూ నవ్వేవారు. ఆయన మాత్రం "ఇది మా ఆవిడకి చెప్పుకోవచ్చా? చివర్న కాస్త మార్చుకోవచ్చా?" అని అడిగేవాడు.

పొరుగింటావిడ చీజ్ రోల్స్ చేయడం నేర్పింది. "ఉల్లిపాయ తగ్గించినా మీ పేరే చెప్పాలా?" అన్నాడు.

"ముందు తిని ఏడువయ్యా!" అందావిడ.

అలాంటివాడి చేతికి రూరూ అనే కంప్యూటరు భాష లైసెన్సు మార్చే పని వచ్చిపడింది. సగం ప్రపంచంలో బడిపిల్లలు కంప్యూటరుకి పని చెప్పేది ఆ భాషలోనే. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, విప్పి మార్చుకోవచ్చు. కాకపోతే పాత లైసెన్సులోని మెలికలకు బడులు జడుసుకుంటున్నాయని, రూరూని తయారుచేసే జట్టు సులువైనది పెట్టాలనుకుంది. దానికి రూరూలో చెయ్యి పెట్టినవాళ్ళందరూ ఒప్పుకోవాలి.

అందరూ ఒప్పుకున్నారు, నైరీ తప్ప. ఆమె కాదనలేదు, అసలు పలకనేలేదు. ఎప్పుడో రూరూ వాడే సూచనల్లో ఒక అచ్చుతప్పు దిద్దితే, "ఈపాటిదానికి ఇంత హడావుడా!" అని జట్టులో ఎవరో పదిమందిలో వెక్కిరించారు. అంతే, మళ్ళీ అటు తొంగిచూడలేదు.

"ఒక్క అక్షరమయ్యా బాబూ! కొట్టేసి మనమే రాసుకుందాం," అంది జట్టు పెద్ద బ్రాన్విన్.

"అది ఆవిడ అక్షరం."

"రేపే కొత్త రూరూ విడుదల!"

"ఎల్లుండి చేద్దాం."

మొండివాడితో వాదించలేక బ్రాన్విన్ గొణుక్కుంటూ కారు తీసింది. వాళ్ళు వెళ్ళేసరికి బ్లఫ్ రేవులో నైరీ ఆల్చిప్పలు ఒలుస్తోంది.

అలస్డేర్ టోపీ తీశాడు. "అమ్మా, మీరు సరేనంటేగాని రూరూ కదలదు."

"నేనా? నేను దిద్దింది ఒక్క అక్షరమండీ!"

"అది దిద్దకపోతే చదివిన ప్రతి పిల్లాడూ బోల్తా పడేవాడు."

నైరీ కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని నవ్వింది. "సరే, అనుమతి ఇచ్చేశాను. అక్కడ ఇంకా బోలెడు తప్పులున్నాయి, చెప్పమంటారా?"

చెబుతూ చెబుతూ సాయంత్రం చేసింది.

తిరుగుదారిలో జట్టు లాయరు ఫోన్ చేసింది. విని బ్రాన్విన్ కారు పక్కకి ఆపేసింది. "అచ్చుతప్పు దిద్దినదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదట!"

"తెలుసు."

"తెలిసే నన్నింత దూరం తిప్పావా?"

"ఊరికే పలకరించొద్దాం రమ్మంటే వచ్చేదానివా?"

బ్రాన్విన్ మళ్ళీ కారు కదిలించి, "విడుదల వారం వెనక్కి జరుపుదాం. ఆ తప్పులన్నీ నైరీయే దిద్దాలి," అంది.