ఇప్పచెట్టు చుట్టూ బూడిద

పాల్వంచ గ్రంథాలయంలో నేను చదివిన తర్కం పుస్తకానికి అట్ట లేదు. పదో తరగతితో చదువాగి, బట్టల షాపులో పనిచేస్తూ, సెలవు రోజు ఊరి బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చునేదాన్ని. అందరికీ వర్తించే మాట నుంచి ఒకరి దగ్గరికి రావడం నిగమనం. కొందర్ని చూసి అందరూ అంతే అనుకోవడం ఆగమనం. కనబడిన గుర్తును బట్టి జరిగినదాన్ని ఊహించడం మూడోది. ఆ పేజీలు చిరిగిపోయి దాని పేరు దొరకలేదు. ఆనవాలు తర్కం అని నేనే పెట్టుకున్నాను. ఎవరి అనుమతీ అడగలేదు.

మా ఊరు భద్రాచలం దారిలో, అడవి అంచున. ఇక్కడ ఇప్పచెట్లు ఇంటింటికీ పంచి ఉంటాయి. ఎవరి చెట్టు కింద పువ్వు వాళ్లే ఏరాలి. రాలిన పువ్వు కనబడాలని కొందరు ఎండుటాకు కాలబెడతారు, ఆ మంట అడవిలోకి పాకుతుంది. అందుకే కాలబెట్టినవాళ్ల చెట్టు గుంజుకోవాలని ఊరు కట్టుబాటు పెట్టుకుంది. ఆ వేసవి వాగు ఒడ్డు అడవి కాలింది. మా అమ్మ చెట్టు చుట్టూ బూడిద కనబడింది. పొద్దున్నే ఆ చెట్టు దగ్గరే మీటింగ్. వరసకు నాకు తాతయ్యే ఊరి పెద్దమనిషి. బూడిద చూసొచ్చి చెప్పింది మా బావ.

"ఇప్పపువ్వు ఏరేటోళ్లు ఆకు కాలబెడ్తరు. అత్త ఏరుతది. ఇంకేం గావాలె?" అన్నాడు బావ.

"నువ్వు సుత ఏరుతవు గద బావా. నువ్వూ కాలబెట్టినవా?"

"నేనెందుకు కాలబెడ్త? ఊడుస్త."

"మరి ఏరేటోళ్లందరు అనుడు నీతోనే తెగిపాయె. కొందర్ని చూసి అందరన్నవు. ఆ అందర్ల మా అమ్మను కలిపినవు."

జనం నవ్వారు. బావకు మండింది. "లైబ్రరీల ఫ్యాను కింద కూసున్నోళ్లు అడవి ముచ్చట చెప్తుండ్రు."

"అవ్, ఫ్యాను మంచిగ తిరుగుతది. నువ్వు గూడ రా."

తాత చెయ్యెత్తాడు. "సరే బిడ్డా. మరి బూడిద ఎక్కడిది?"

అసలు ప్రశ్న అదే. అమ్మ చెట్టు కింద చీపురుతో ఊడ్చి, ఆకునంతా కొమ్మల నీడ చివరికి గట్టులా నెడుతుంది. కాలింది ఆ గట్టే.

"చెట్టు మొదట్ల కాలబెడితే ఆ మొదలు నల్లగుండాలె. నల్లగ లేదు. అంటే అక్కడ కాలబెట్టలే. ఇది ఖాయం" అన్నాను.

"గట్టునే కాలబెట్టి ఉండొచ్చు గద?" అన్నాడు బావ.

కాదనలేకపోయాను. కాదనే ప్రయత్నమూ చెయ్యలేదు. "ఉండొచ్చు. వాగు దిక్కు నుంచి వచ్చిన మంటే అంటుకొని ఉండొచ్చు సుత. అటు గడ్డి ఎంతదాక కాలిందో చూడుండ్రి. ఊడ్చినంక గట్టు కాలబెట్టే అవసరమేంది? నాది ఊహే. నీది కూడా ఊహే. నాది ఎక్కువ అతుకుతది. అయినా ఊహ మీద నేనైతే ఎవరి చెట్టూ గుంజుకోను. మీరు గుంజుకుంటరా?"

"పెద్దోళ్లం కూసొని రేపు చెప్తం. అప్పటిదాక పువ్వు ముట్టొద్దు" అన్నాడు తాత.

ఓ పక్కన నిలబడ్డ అమ్మ బుట్ట తీసుకుంది. "పువ్వు రేపటిదాక ఆగదు మామా. నేల మీదుంటే పాడైతది" అని అందరి ముందే వంగి ఏరడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చున్నాను. తాత మమ్మల్ని కాసేపు చూశాడు. ఆపమనడానికి ఆయన దగ్గర కారణం లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కండువా దులుపుకుని లేచాడు. జనం కదిలారు.

బావ మాత్రం అక్కడే నిలబడ్డాడు. "కాలు తియ్ మరదలా. అత్త పువ్వు తొక్కుతున్నవు."

"ఎవరి పువ్వు?" అన్నాను, గట్టిగా, పోతున్నవాళ్లకు వినబడేలా.

"అత్తదే" అన్నాడు.