వావిలాకు ముందు నా ముక్కు

కృష్ణా జిల్లాలో గంజాయి రవాణా తగ్గిందంటే అందుకు కారణం నా ముక్కే. ఈ మాట మా మనవలకు చాలాసార్లు చెప్పాను.

మద్యనిషేధం రోజుల్లో నాటుసారా పట్టడానికి టాస్క్‌ఫోర్స్ జీపు బందరు నుంచి దివిసీమ లంకలకు బయల్దేరేది. నిషేధం ఎత్తేశాక సారా వేట పలచబడి, వాళ్ల చూపు గంజాయి మీదికి మళ్లింది. వేట ఏదైనా జీపులో నేనుండాల్సిందే. దొరికిన సరుకును ఇద్దరు మధ్యవర్తులు వాసన చూసి, ఇది ఫలానా అని సంతకం పెడితేనే కేసు నిలిచేది. బందరులో సర్కారు గుమాస్తానైన నేను శాశ్వత మధ్యవర్తిని. క్యాను మూత తియ్యకుండానే సారా ఏ ఊరి బెల్లంతో కాచారో చెప్పేవాణ్ణి.

ఇక నిజం చెప్తాను. నాకు పదేళ్లుగా పడిశం. నా ముక్కు కళ్లజోడు ఆనడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. రెండో మధ్యవర్తి మా ఆఫీసు బంట్రోతు. అతను మోచేత్తో పొడిస్తే సారా, పొడవకపోతే మంచినీళ్లు.

ఒకరోజు బంట్రోతు సెలవు పెట్టాడు. బదులుగా కొత్త టైపిస్టు వచ్చాడు. నాగాయలంకలో బందరు బస్సెక్కబోతున్న ఓ ముసలమ్మ గోనెసంచిని ఇన్‌స్పెక్టరు గారు విప్పించారు. ఎండీ ఎండని ఆకు. రెమ్మకు ఐదేసి వేళ్లు, అచ్చం ఆయన జేబులోని గంజాయి ఫోటోలో లాగే.

"వావిలాకు నాయనా. రేపు బందర్లో మా అమ్మాయికి పురిటి స్నానం. ఇది కాచిన నీళ్లే పొయ్యాలి."

మేమంతా మగాళ్లం. పురిటి నీళ్లు కాగే వైపు తొంగిచూసిన పాపాన పోలేదు.

"గుమాస్తా గారూ, మీరు చెప్పండి," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

సంచిలో మొహం పెట్టాను. గోడను వాసన చూసినట్టుంది. పొడిచే మోచెయ్యి లేదు. టైపిస్టు భక్తిగా నా ముక్కు వైపే చూస్తున్నాడు.

"అసలు సరుకేనండి. మన్యం నుంచి వచ్చింది," అనేశాను.

ముసలమ్మ ఏడవలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"నోటితో గాలి పీలుస్తున్నావేం బాబూ? ఎన్నాళ్ల నుంచి పడిశం?"

"పదేళ్లు మామ్మా." నోరు జారింది.

"ఆ ముక్కుతో నన్ను జైలుకి పంపుతావా? రేపు మా పిల్లకి నీళ్లు నువ్వొచ్చి పోస్తావా?"

ఇన్‌స్పెక్టరు గారు ఏదో అనేలోపే ముసలమ్మ టీకొట్టులో మరుగుతున్న నీళ్లలో గుప్పెడు ఆకు వేసి, నన్ను దాని మీదికి వంచి, తలమీద తన తువ్వాలు కప్పింది.

కాసేపటికి ముక్కులో కాలవ లాకులెత్తినట్టయింది. ముందు ఎండుచేపల బుట్ట వాసన వచ్చింది. తర్వాత ఇన్‌స్పెక్టరు గారి బూట్లు. వాటి వెనక, ఘాటుగా, మా పెద్దాడు పుట్టినప్పుడు మా ఆవిడ తడిజుట్టు వాసన.

"వావిలాకేనండి," అన్నాను, తువ్వాలు తియ్యకుండానే.

"మరి ఇన్నాళ్లూ?"

"ఇన్నాళ్లూ బంట్రోతు ముక్కండి."

ఆయన రాస్తున్న కాగితం చింపేశారు. సంచితో సహా ముసలమ్మ బస్సెక్కింది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"బాబూ, నా తువ్వాలు."

అప్పటికీ అది నా నెత్తిమీదే ఉంది. పరుగెత్తి, నడుస్తున్న బస్సును అందుకుని ఇచ్చాను.

సరే, కండక్టరు ఆపాడు.