పొంగని కల్లు

ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తక్కిన చదువంతా గుంటూరులో పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడి చదువుకున్నదే. పులియడమంటే కంటికి కనపడని జీవుల పని అని అక్కడే తెలిసింది. అప్పటినుంచి నాకదో పిచ్చి. జొన్నలు మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, గంజి కాచేవాణ్ణి. చల్లారాక వేటపాలెం నుంచి తెచ్చిన జీడిమామిడి పండు తొక్కో, కల్లు లొట్టి అడుగున మిగిలిన మడ్డో కలిపితే రెండోనాటికి బీరు. జీడిపండుతో చేసింది గొంతు పట్టేది. మడ్డితో చేసిందే మేలు.

ఆ మడ్డి ఇచ్చేది మా ఊళ్ళో కల్లు గీసేవాడు, నా ఈడువాడే. లొట్టిని ఎన్నడూ తోమేవాడు కాదు. నిన్నటి కల్లు కాస్త అడుగున ఉంచి మళ్ళీ చెట్టుకు కట్టేవాడు. "తోమితే చచ్చిపోద్దిరా" అనేవాడు. ఏది చచ్చిపోతుందో అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు.

తొంభైల చివర్లో ఒక మాఘమాసం అతని కల్లు పొంగడం మానేసింది. సాయంత్రమైనా తియ్యగానే ఉండేది. కల్లుపాకలో జనం ఊరుకుంటారా?

"ఏరా, పంచదార నీళ్ళు అమ్ముతున్నావా? పిల్లలకి పాలసీసాలో పోసుకుంటాంలే."

"తల్లితోడు, చుక్క కలపలేదు."

"పక్కూరోడిది రెండు ముంతలకే పడేస్తంది."

పక్కూరివాడు మత్తు పొడి కలుపుతాడని అందరికీ తెలుసు. ఇతను కలపడు. కల్తీ లేదన్న పేరొక్కటే ఇతనికున్నది. ఇప్పుడదే పోతోంది.

అతని ఐదు లొట్ల మడ్డి ఐదు కుండల జొన్నగంజిలో వేశాను. కొత్తపట్నం దగ్గర ఇసుకనేలలో ఉన్న చెట్టు లొట్టి మడ్డి ఆరో కుండలో వేశాను. ఆరోది మర్నాటికే నురగ కట్టింది. మిగతావి కుళ్ళు వాసన కొట్టాయి. మా ఊరి తాడిచెట్లన్నీ మిరపచేల గట్ల మీదివి. ఆ ఏడు తెగుళ్ళని పవర్ స్ప్రేయర్లతో, తుంపర చెట్ల మీది లొట్ల దాకా ఎగిసేలా, మందు మీద మందు కొట్టారు. కొట్టారు అంటున్నాను గానీ నేనూ కొట్టాను. బూజును చంపే మందు కల్లును పులియబెట్టే జీవిని బతకనిస్తుందా? డబ్బా మీద పుర్రె బొమ్మ వేసేది చదువు రానివాడి కోసం. మా ఊళ్ళో చదువుకున్నవాళ్ళకే అది ఆనలేదు.

పాకలో ఈ మాట చెబితే, "మందు మిరపక్కొట్టాం గానీ కల్లుక్కాదు గదా. పుస్తకాలు చదివి నీకు మతి పోయింది" అన్నారు.

కొత్తపట్నం మడ్డి తెచ్చిస్తానన్నాను అతనితో.

"తెస్తావు. వారం తిరక్కుండా మళ్ళీ కొడతారు. నువ్వు ఆపుతావా?"

నా చేలో అప్పుడే ఆకుమచ్చ కనపడుతోంది.

పది రోజులకు అతని కల్లూ రెండు ముంతలకే మనుషుల్ని పడేసింది. "ఇదీ కల్లంటే" అన్నారు పాకలో. నేనూ ముంత చాచాను.

"నీకొద్దులేరా" అన్నాడు, మొహం అటు తిప్పుకుని.