మా ఆయన పేరున్న దేశం

సర్కారువారు దేశం గొప్పతనం చూపించాలని ఒక సినిమా తీస్తే, అందులో దేశం పేరే మార్చేసిన ఘనురాలిని నేను. బయటి రాజ్యాలవాళ్ళు ఎన్ని ఫిరంగులు పెట్టినా చేయలేని పనిని బెళుగుప్ప పక్క పల్లెలో, చేతిలో సుద్దముక్కతో, ఒక్క నిమిషంలో చేసి పారేశాను. ఇప్పుడంటే నవ్వొస్తుంది గానీ, ఆనాడు శెనక్కాయ పొట్టు కుప్పలో తలదూర్చి, మళ్ళీ వాన పడేదాకా బయటికి రాకూడదనుకున్నాను. మా సీమలో వాన పడేదాకా అంటే ఎంతకాలమో మీరే ఊహించుకోండి.

నా పేరు ఓబుళమ్మ. నలభై దాటాక అ ఆలు దిద్దినదాన్ని. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి గానీ నోరు పుట్టుకతోనే వచ్చింది. కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను, నొచ్చుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

తొంభైల చివరి మాట ఇది. కళ్యాణదుర్గంలో సినిమాకు పోతే, అసలు బొమ్మకు ముందు సర్కారు బొమ్మ ఒకటి వేసేవాళ్ళు. అది మొదలుకాగానే మగవాళ్ళంతా బీడీలకు బయటికి పోయేవాళ్ళు. నేను మాత్రం రెప్ప వేయకుండా చూసేదాన్ని. తెర నిండా నీళ్ళు! డ్యాములు, కాలువలు, వరి మళ్ళు. నవ్వుతూ ట్రాక్టరు తోలే రైతు. వెనక నుంచి బావిలో కూర్చుని మాట్లాడినట్టు ఒక లావు గొంతు, "ఇదే మన దేశం" అనేది.

ఒకసారి పక్కనున్న మా ఆయనను అడిగాను.

"ఏమయ్యా, ఈ దేశం యాడుండాది?"

"ఉత్తరానికి."

"మన పక్క నుంచి బస్సు పోతాదా?"

"పోతే నేనీడ ఎందుకుంటా? గమ్మున చూడు."

ఆ దేశంవాళ్ళు ఒకరోజు మా ఊరికే వస్తారని నేను కలగన్నానా?

మా ఊరి బడి వసారాలో మధ్యాహ్నం పూట పన్నెండుమంది ఆడవాళ్ళం పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. మాకు చెప్పే పంతులమ్మ రాజేశ్వరి. గార్లదిన్నె నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన పిల్ల. పదో తరగతి చదివింది, ఓపిక మాత్రం ఎమ్మే చదివినంత ఉంటుంది. 'ఖ' దగ్గర నేను మూడు నెలలు కూర్చుంటే, నాతోపాటు ఆమె కూడా మూడు నెలలు అక్కడే కూర్చుంది.

ఆ వేసవిలో మండలం నుంచి ఒక ఆఫీసరు వచ్చి బాంబు పేల్చాడు.

"ఈడ చదువు వస్తాండాదో లేదోనని పైవాళ్ళకు అనుమానం. సినిమా తీసేవాళ్ళు వస్తాండారు. మీ ఆడోళ్ళు కెమెరా ముందర బాగా చెప్తే ఈ చదువు కేంద్రం ఉంటాది. లేదంటే ఈ పలకలన్నీ పక్కూరికి పోతాయి. ముందే చెప్తాండా."

రాజేశ్వరి ముఖం మాడిన రొట్టె అయిపోయింది. మేం పన్నెండుమందీ పలకలను సంకలో బిడ్డల్లాగా అదుముకున్నాం. సగం గుణింతం వచ్చి ఆగిపోవడమంటే మాటలా! బావి సగం తవ్వి వదిలేసినట్టు. అందులో నీళ్ళూ ఉండవు, దూకడానికీ పనికిరాదు.

జీపులో ముగ్గురు దిగారు. కెమెరా మోసేవాడు, మెరిసే అట్ట పట్టుకునేవాడు, టోపీ పెట్టుకున్న డైరెక్టరు. డైరెక్టరుది ఉత్తరాది. హైదరాబాదులో చాలాకాలం ఉండి తెలుగు మాట్లాడటం నేర్చాడు, చదవడం మాత్రం రాదు. అంటే మూడేళ్ళ కిందటి ఓబుళమ్మే, ప్యాంటు వేసుకుని టోపీ పెట్టుకుందన్నమాట.

ఆయన పన్నెండుమందినీ చూసి నా దగ్గర ఆగాడు.

"ఈమె ముఖంలో కరువు చాలా బాగా కనిపిస్తోంది!"

"నీ కళ్ళు చల్లగుండ! మెచ్చుకోడానికి ఇంకేమీ దొరకలేదా నాయనా?" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నన్నే ఎంచుకున్నాడు.

ముందు నెత్తిన బిందె పెట్టి నడవమన్నాడు.

"నీళ్ళు లేవప్పా, ట్యాంకరు ఎల్లుండి వస్తాది."

"పర్వాలేదమ్మా, నిండా ఉన్నట్టు నడవండి. నవ్వుతూ."

ఖాళీ బిందెను నిండుబిందెలా మోయడమెంత కష్టమో మీకు తెలియదు. నిండుకుండ తొణకదంటారు, ఖాళీ బిందె నవ్వుతూ నడవాలంటే నడుమంతా తొణుకుతుంది. నాలుగుసార్లు నడిపించారు. అప్పుడు తెలిసింది, ఆ దేశానికి నీళ్ళు యాడ నుంచి వస్తాండాయో!

తర్వాత నల్లబోర్డు ముందు కూర్చోబెట్టాడు.

"ఒకటే మాట అమ్మా. నేను 'మీ దేశం ఏది?' అంటాను. మీరు 'నా దేశం భారతదేశం' అనాలి. అంతే."

ఆ ఒక్క మాటే నేను అనకూడదు. ఎందుకంటే మా ఆయన పేరు భరతప్ప.

మొగుడి పేరు పలికితే ఆయుస్సు తగ్గుతుందని మా అత్త నన్ను కాపురానికి తెచ్చుకున్న రోజే చెప్పింది. పాతికేళ్ళుగా ఆ పేరు నా పళ్ళు దాటలేదు. ఎవరైనా అడిగితే "రాముని తమ్ముడు" అనేదాన్ని. 'మరి ఇప్పుడు రాశావే' అంటారా? తొందరపడొద్దు. అక్కడికే వస్తున్నాను.

"మీ దేశం ఏది?"

"నా దేశం..." ఆగిపోయాను. కెమెరా గిర్రున తిరుగుతోంది.

"చెప్పండి, చెప్పండి."

"నా దేశం... మా ఇంటాయన దేశం."

"కట్! మీ ఇంటాయన వేరే దేశమా?"

"లేదప్పా, మాదీ మా ఆయనదీ ఒకే దేశం. పేరే చెప్పకూడదు."

"దేశం పేరు చెప్పకూడదా? ఎవరు చెప్పారు?"

"మా అత్త."

డైరెక్టరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంకోసారి కెమెరా తిప్పాడు. ఈసారి తెలివి చూపిద్దామనుకున్నాను.

"నా దేశం రాముని తమ్ముని దేశం!"

"లక్ష్మణ దేశమా?"

"ఇంకొక తమ్ముడు."

"శత్రుఘ్న దేశమా? అమ్మా, అసలు రాముణ్ణి వదిలేయండి, పైవాళ్ళు ఇంకో అర్థం తీస్తారు!"

రాజేశ్వరి పరుగున వచ్చి సంగతి చెప్పింది. చెప్పి నా వైపు తిరిగింది.

"ఓబుళత్తా, మామ పేరు భ-ర-త. దేశం పేరు భా-ర-త. నడుమ దీర్ఘముండాది గదా! రెండూ ఒకటి కాదు."

గోడ పక్కన కూర్చున్న మా అత్త గయ్యిమంది.

"ఏమ్మే, నీ దీర్ఘం పెడితే నా కొడుకు ఆయుస్సు దీర్ఘమైతాదా?"

మా ఆయన గొర్రెలను వదిలేసి వచ్చి కెమెరా వెనక నిలబడ్డాడు.

"చెప్పద్దులేమే," అన్నాడు నెమ్మదిగా. "నేను ఇంకొన్నాళ్ళు ఉండల్ల."

డైరెక్టరు గడియారం చూశాడు. "ఇంక ఒక్క షాటుకే రీలుంది. చెప్పకపోతే ఈ ఊరి ఆడవాళ్ళకు దేశం పేరు కూడా రాదని రాసుకుని పోతాను."

రాజేశ్వరి పలకలను ఒకదానిమీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని ఉండలేకపోయాను.

"నోటితో చెప్పను. రాస్తా!" అని లేచాను.

"అయ్యో, రాస్తే ఏమైతాదో!" అంది మా అత్త.

"ఏమైతాది? రాయకూడదని ఎవరన్నా చెప్పినారా?"

ఎవరూ చెప్పలేదు. ఎట్లా చెబుతారు? మొగుడి పేరు రాయగలిగిన ఆడది మా ఊళ్ళో అంతవరకు పుట్టనే లేదు! లేనిదానికి నిషేధం ఎవరు పెడతారు? ఇప్పుడు తెలిసిందా, ఇక్కడ ధైర్యంగా ఎలా రాస్తున్నానో!

సుద్దముక్క తీసుకున్నాను. కెమెరా తిరుగుతోంది. 'నా దేశం' దాకా బంగారంగా వచ్చింది. తర్వాత 'భ' పెట్టాను. అక్కడే వచ్చింది తంటా. రేషనుకార్డు కాగితం, బ్యాంకు కాగితం, ఏ కాగితం చూసినా 'భర్త పేరు' అని ఒక గీత ఉంటుంది. ఆ గీతమీద రాయాలని ఎవరికీ తెలియకుండా పలకమీద వందలసార్లు దిద్దుకున్నాను. గానుగెద్దును కొత్త దారిలో తోలితే మాత్రం అది గుండ్రంగా తిరగకుండా ఉంటుందా? 'భ' తర్వాత నా చేయి నన్ను అడగలేదు. ర, త, ప్ప... గబగబా పోయి, చివర ఒక చుక్క కూడా పెట్టి వచ్చింది.

నా దేశం భరతప్ప.

"బ్యూటిఫుల్! ముత్యాల్లాంటి అక్షరాలు!" అన్నాడు డైరెక్టరు.

"సార్, తప్పు పడింది సార్!" అంది రాజేశ్వరి.

"తప్పేమీ లేదమ్మా, రాస్తూ ఆమె భయపడటం కూడా చాలా సహజంగా ఉంది. రీలు అయిపోయింది, పదండి!"

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. తప్పు చేసినవాళ్ళు అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అనుకుంటారు. మాకు తొక్కడానికి అడుసూ లేదు, కడగడానికి నీళ్ళూ లేవు. ఆ దుమ్ములోనే నిలబడిపోయాం.

కొన్ని నెలలకు బొమ్మ కళ్యాణదుర్గం హాలుకు వచ్చింది. ఆఫీసరు మా పన్నెండుమందినీ, పంతులమ్మనూ పొద్దునాటకు రమ్మన్నాడు. తానూ వస్తాడట, చూసి అక్కడే తేల్చేస్తాడట. మా ఆయన తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. రాజేశ్వరి బస్సులో ఒకటే మాట. "అత్తా, ఈ పొద్దుతో మన బడి సరి."

బొమ్మ మొదలైంది. తెరమీద నేను. ఖాళీ బిందెతో, అత్తారింటినుంచి పుట్టింటికి పోయేదానిలా నవ్వుకుంటూ నడుస్తున్నాను. తర్వాత నల్లబోర్డు. లావు గొంతు అందుకుంది. "'నా దేశం భారతదేశం' అని సగర్వంగా రాస్తోంది ఈ కరువుసీమ తల్లి!"

బొమ్మను కత్తిరించి అతికించిన ఊళ్ళో తెలుగు చదివేవాడు ఒక్కడూ లేడని అప్పుడర్థమైంది. తెరమీద ఇల్లంత అక్షరాలు. ఆఫీసరు తాను ఏ మూలనైనా పడ్డాడేమోనని వెతుక్కుంటున్నాడు, బోర్డు వైపు చూడనే లేదు. బతికిపోయామనుకున్నాను.

అప్పుడు నా వెనక వరుసలోంచి పదకొండు గొంతులు, బళ్ళో చదివినట్టే, కూడబలుక్కుని లేచాయి.

"నా... దే... శం... భ... ర... త... ప్ప!"

హాలంతా ఈలలు. రాజేశ్వరి కొంగు ముఖానికి కప్పుకుంది. నేను సీటు కిందికి జారాను. ఆఫీసరు లేచి వెనక్కి తిరిగాడు.

"ఎవరు చదివింది?"

"మేమే సారూ," అంది సుంకమ్మ, మాలో అందరికన్నా పెద్దది. "ఆ గొంతేమో ఒకటి చెప్తాండాది, ఆడ ఇంకొకటి రాసుండాది. మేం రాసింది చదివినాం. తప్పా?"

ఆఫీసరు తెర చూశాడు, మమ్మల్ని చూశాడు. ఇంతసేపటికి నవ్వాడు.

"అంత పెద్ద గొంతు చెప్తాన్నా నమ్మకుండా, రాసింది చదివి తప్పు పట్టినారు గదమ్మా. ఇంక నేను వేరే పరీక్ష పెట్టేదేముండాది? రాజేశ్వరమ్మా, నీ బడి యాడికీ పోదు. ఓబుళమ్మకు మాత్రం ఇంకొక పలక ఇయ్యి."

హాలు చప్పట్లు కొట్టింది. అవి తనకేననుకుని మా ఆయన లేచి, కండువా సర్దుకుని, నాలుగు దిక్కులకూ దండం పెట్టాడు.

అదీ అసలు ప్రళయం. ఆ రోజునుంచి ఊళ్ళో "ఏం దేశమప్పా, బాగుండావా?" అని పలకరింపులు. ఇంటికొస్తే "దేశానికి అన్నం పెట్టే దిక్కు లేదా?" అని మా ఆయన కేకలు.

"దేశమే ప్రజలకు పెట్టల్ల. లేచి గొర్రెలు తోలుకుపో," అంటే, "దేశం యాడన్నా గొర్రెలు కాస్తాదా?" అనేవాడు.

కాబట్టి చదువుతున్న మీ అందరి ఎదుట, నా పలకమీద చేయిపెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ప్రాణం పోయినా సరే, నిలువు దోపిడీ చేసినా సరే, ఏ దేశాన్నీ మా ఆయన పేరిట రాయను. దేశానికి దానివల్ల ఏ నష్టమూ రాలేదు. ఒకసారి దేశమైపోయిన మగాణ్ణి తిరిగి గొర్రెల వెంట పంపడానికి మాత్రం నాకు రెండేళ్ళు పట్టింది.