ఎడో అమ్మ ఎదుట మా అమ్మ

నా చిన్నప్పుడు ఒక చలికాలమంతా మా అమ్మ మాట్లాడలేదు. అప్పుడు మేము లీడ్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. కాకినాడలో అమ్మమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చేసరికి తమ్ముడు నెలల పిల్లాడు. పైగా న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నాడు. వాణ్ణి వదిలి అమ్మ వెళ్ళలేకపోయింది. వెళ్ళినా ఆఖరి చూపు దక్కేది కాదని నాన్న అన్నారు. అది నిజమే. కానీ ఆ నిజం అమ్మకి ఎందుకూ పనికిరాలేదు.

ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. తమ్ముడు కోలుకుని ఇంటికొచ్చాక కూడా ఆవిడ మామూలు మనిషి కాలేదు. పొద్దున్నే లేచి వంట చేసేది, నాకు జడ వేసేది, తమ్ముడికి పాలు పట్టేది. ఏది అడిగినా ఊ, ఊహూ, అంతే. మధ్యాహ్నం దాటగానే చీకటి పడిపోయే ఆ రోజుల్లో కిటికీ దగ్గర నిలబడి తడిసిన రోడ్డు వంక చూస్తూ ఉండేది. నేను స్కూలు కబుర్లు చెప్పేదాన్ని. చెప్పడానికి ఏమీ లేనిరోజు కల్పించి చెప్పేదాన్ని. ఆవిడ నా తల నిమిరేది గానీ, ఆ చేతిలో ఆవిడ ఉండేది కాదు.

మా పక్కింట్లో ఒక ఆంటీ ఉండేది. నైజీరియా నుంచి వచ్చిన నర్సు. తమ్ముడు ఉన్న వార్డులో పనిచేసింది కాబట్టి, అమ్మ ఆవిణ్ణి సిస్టర్ అని పిలిచేది. నైజీరియా అంటే ఒకటే రకం మనుషులు కాదనీ, తాము ఎడో వాళ్ళమనీ ఆవిడ ఎప్పుడూ చెప్పేది. ఆవిడ నవ్వితే మధ్య గోడ దాటి మా వంటింట్లోకి వినిపించేది.

ఒక శనివారం ఆవిడ మా తలుపు తట్టింది. రోజూ వేసుకునే నీలం కోటు కాదు, పెళ్ళికి వెళ్ళేదానిలా మెరిసే బట్టలు, తలకి ఎత్తుగా చుట్టిన గుడ్డ. అమ్మనీ నన్నూ ఒకచోటికి తీసుకెళ్తానంది. తమ్ముణ్ణి చూసుకుంటానని నాన్న ముందుకొచ్చారు. అమ్మకి రావాలని లేదు. కానీ రానని చెప్పాలంటే కారణం చెప్పాలి, అందుకు మాటలు కావాలి. చెప్పులేసుకోవడమే తేలిక అనుకుందేమో, వచ్చింది.

మేము వెళ్ళింది ఒక చిన్న మ్యూజియానికి. కింద గదిలో గడియారాలూ, గడ్డి కూరిన పక్షులూ ఉన్నాయి. ఆంటీ వాటి వైపు చూడనైనా చూడకుండా మెట్లెక్కి పై గదిలోకి నడిచింది. ఆ గది చివర, చుట్టూ తాడు కట్టిన ఎత్తు దిమ్మె మీద ఆవిడ నిలబడి ఉంది.

ఆవిడ అంటున్నాను. అప్పుడు కూడా నాకు అలాగే అనిపించింది. మనిషి కంటే పొడుగు. తెల్లగా సున్నం పూసినట్టున్న చెక్క ముఖం, సగం మూసిన కళ్ళు. మెడ నుంచి పాదాల దాకా ఎరుపు, పసుపు, నలుపు గుడ్డ ముక్కలు ఒకదాని పక్కన ఒకటి కుట్టిన దట్టమైన అంగీ. దాని నిండా ఊలు కుచ్చులు, చిన్నచిన్న గంటలు. చేతులు కూడా గుడ్డలోనే, పాదాలు కూడా గుడ్డలోనే. ఎక్కడా వేలెడంత ఒళ్ళు కనిపించడానికి సందు లేదు. చర్చిలోనూ గుళ్ళోనూ పెద్దవాళ్ళు ఎందుకు గొంతు తగ్గిస్తారో ఆ నిమిషంలో తెలిసింది. తగ్గించాలని అనుకోనక్కర్లేదు, దానంతటదే తగ్గిపోతుంది.

ఆంటీ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ మెరిసే బట్టలతోనే, ఆ చెక్క నేల మీదే. తల వంచి తన భాషలో ఏదో మెల్లగా చెప్పింది. పక్కనున్న ఒక ముసలి ఇంగ్లీషు జంట చప్పుడు చెయ్యకుండా తప్పుకున్నారు.

లేచాక ఆంటీ మాకు చెప్పింది. వాళ్ళ కొండ ఊళ్ళో పండగనాడు చనిపోయిన అమ్మలు ఇలా వస్తారట. వీధుల్లో తిరిగి, ఆడి, పిల్లల్ని చూసుకుని వెళ్ళిపోతారట. దిమ్మె దగ్గర అట్ట మీద మాస్కరేడ్ కాస్ట్యూమ్, అంటే ముసుగు వేషం దుస్తులు, అని రాసి ఉంది. నేను పైకి చదివాను. ఆంటీ నవ్వి, లోపల ఎవరూ లేనప్పుడు అది కాస్ట్యూమేనంది.

"మరి లోపల ఎవరుంటారు?" అని అడిగాను.

తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు తనకీ అదే సందేహం వచ్చిందట. ఒక పండగనాడు అలా వస్తున్న అమ్మ కొంచెం కుంటుతూ నడుస్తోందట. ఆ కుంటి నడక మేనమామది. పట్టేశానని సంబరపడి "మామా!" అని అరవబోతే, వాళ్ళ అమ్మమ్మ నోరు మూసి పక్కకి లాగిందట. తర్వాత ఇంటికెళ్ళాక కోప్పడలేదట. "నువ్వు చూసింది నిజమే తల్లీ. కానీ అది చిన్న నిజం. పెద్ద నిజం వీధిలో నడిచి వస్తుంటే చిన్న నిజం పక్కకి తప్పుకోవాలి" అందట.

నాకు సగమే అర్థమైంది. అమ్మ మాత్రం కదలకుండా ఆ తెల్లటి ముఖం వంకే చూస్తోంది. చాలాసేపటికి ఇంగ్లీషులో అడిగింది. "సిస్టర్, ఈవిడకి తెలుగు వస్తుందా?"

"పోయిన అమ్మలకి రాని భాష ఉంటుందా?" అంది ఆంటీ, నవ్వకుండా.

అమ్మ తాడు దాకా వెళ్ళింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. ఎప్పటి నుంచో వాడని గొంతు, బొంగురుగా వచ్చింది.

"రాలేకపోయానే అమ్మా. పిల్లాడికి ఊపిరి ఆడలేదు. వాణ్ణి ఎవరి చేతిలో పెట్టి రానే? నీకు కోపం వచ్చిందా?"

అప్పుడు ఆ కుచ్చులు కదిలాయి. ముందు అంచు దగ్గర కొన్ని, తర్వాత ఛాతీ మీదవి, ఆ తర్వాత ఒక గంట, ఒక్కటే ఒక్కటి, సన్నగా మోగింది. అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను కాస్త పక్కగా నిలబడ్డాను కాబట్టి దిమ్మె వెనకాల ఉన్నది నాకు కనిపించింది. మ్యూజియం మనిషి ఒకాయన వెనక తలుపు తెరుచుకుని లోపలికి వచ్చాడు. మెట్ల మీది చలిగాలి ఆయనతో పాటు వచ్చింది. తలుపు అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఆంటీ నా వైపు చూసింది. ఆవిడా ఆ తలుపుని చూసింది. కనుబొమ్మలు ఎగరెయ్యలేదు, తల అడ్డంగా ఊపలేదు. ఊరికే చూసింది, నేనేం చేస్తానో చూద్దామన్నట్టు.

అమ్మ నా వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. "చూశావా చిట్టీ?"

"చూశానమ్మా. కదిలింది" అన్నాను.

అమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆంటీ పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది. ఆ మ్యూజియం ఆయన ఏమీ అడగకుండా ఒక కుర్చీ తెచ్చి పెట్టి వెళ్ళాడు. అందులో ఎవరూ కూర్చోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ దారంతా మాట్లాడింది. వాళ్ళ ఊళ్ళో జాతరకి అమ్మవారి గరగ కుండ నెత్తికెత్తుకున్న మనిషి ఇంటి ముందుకొస్తే అమ్మమ్మ ఎదురెళ్ళి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసేదట. ముందురోజు వాళ్ళ పెరట్లో బట్టలు ఉతికిన మనిషే ఆయన. ఆ రోజు మాత్రం పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదట, అమ్మా అనేవాళ్ళట. అలా మొదలై అమ్మమ్మ కోపాలు, అమ్మమ్మ పెట్టిన పనసపొట్టు కూర, అమ్మమ్మ ఈల వేస్తే తాతయ్య సిగ్గుపడిపోవడం, అన్నీ. నేను ఒక్కసారి కూడా చూడని అమ్మమ్మ నాకు ఆ బస్సులోనే దొరికింది. ఆంటీ అర్థంకాని తెలుగు వింటూ ప్రతి మాటకీ తలూపుతూనే ఉంది.

తలుపు సంగతి అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. బహుశా ఆవిడకీ తెలిసే ఉంటుందని పెద్దయ్యాక అనిపించింది. అడగలేదు.

నేనూ నర్సునే అయ్యాను. ఇప్పుడు రిటైరయ్యే వయసు దాటినా వారానికి రెండు పూటలు వార్డుకి వెళ్తుంటాను. మొన్న ఒక తాతగారు, యార్క్‌షైర్ మనిషి, పొద్దున తన భార్య వచ్చి మంచం పక్కన కూర్చుందని చెప్పాడు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. కొత్తగా చేరిన అమ్మాయి, మంచి పిల్లే, మందుల మత్తులో అలా అనిపిస్తుందని ఆయనకి మెల్లగా నచ్చచెప్పబోయింది. నేను ఆ పిల్ల భుజం మీద చెయ్యివేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"ఏమందండీ ఆవిడ?" అని అడిగాను.

ఆయన ముఖం వెలిగింది. టీ బండి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.