లితియానా గీసిన ఊరి పటం

కండవు దీవిలో మా బడికి సాంఘిక శాస్త్రం చెప్పడానికి వచ్చిన ఉనైసి, ఏడో తరగతికి పరీక్ష పేపర్లు మానిపించి పిల్లలందరికీ తలో అట్ట ఫైలు ఇచ్చింది. ఏడాది పొడుగునా గీసిన పటాలు, ఊళ్లో పెద్దల్ని అడిగి రాసుకొచ్చిన సంగతులు, కొట్టేసి మళ్లీ రాసినవి, అన్నీ అందులోనే ఉండాలి. పిల్లలు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చారో చూసి మార్కులు వేసేది.

రేవులో వల బాగుచేసుకుంటున్న వెరెయిమి ఓరోజు ఆమెకి వినపడేలా అన్నాడు. "పరీక్ష పెడితే దిద్దాల్సొస్తుందని పిల్లల చేత బొమ్మలేయిస్తున్నట్టున్నారు, టీచరమ్మా."

"ఆ బొమ్మల్లో మీ అమ్మాయివీ ఉన్నాయి. ఓసారొచ్చి చూడన్నా," అంది ఉనైసి నవ్వుతూ.

అతను రాలేదు.

అతని కూతురు లితియానా పరీక్షంటే వణికిపోయే పిల్ల. మొదట గీసిన ఊరి పటంలో కాగితం నిండా వాళ్లిల్లు ఒక్కటే. ఏడాది చివర గీసినదాంట్లో చర్చి, రేవు, కసావా దుంపల తోటలు, సముద్రం కోసేసిన పాత శ్మశానం, అన్నీ ఉన్నాయి. వాళ్లిల్లు ఓ మూల చిన్న చుక్క. "ఊరంటే మా ఇల్లే అనుకునేదాన్ని" అని కింద తనే రాసుకుంది. ఉనైసి అది పక్క తరగతిలో లెక్కలు చెప్పే నాకు తెచ్చి చూపించి మురిసిపోయింది. మచ్చుకి ఒక ఫైలు పంపమని రాజధాని సువాలో విద్యాశాఖ ఆఫీసువాళ్లు అడిగితే దాన్నే పంపింది.

సెలవుల్లో లితియానాకి డెంగీ జ్వరం వచ్చింది. ఆసుపత్రికి వెళ్లే దారిలోనే, పడవలో, తండ్రి ఒళ్లో ప్రాణం పోయింది.

సంతాపం రోజులు గడిచాక వెరెయిమి బడికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఆ బొమ్మలు చూద్దామని, టీచరమ్మా."

ఉనైసి ఆ వారమే స్టీమరెక్కి సువా వెళ్లింది. గుమాస్తా కంప్యూటర్లో వెతికాడు. "ఎనభై తొమ్మిది వచ్చాయి మేడమ్. మంచి మార్కులే."

"మార్కులు కాదు బాబూ, ఫైలు కావాలి."

"మార్కులు ఎక్కించాక కాగితాలు తగలబెట్టేస్తాం మేడమ్. ఉంచడానికి చోటెక్కడిది?"

తిరిగొచ్చాక, తప్పు ఒప్పుకునేటప్పుడు మా దీవిలో ఆనవాయితీగా ఇచ్చే యంగోనా వేర్ల కట్ట పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. కట్ట అతని ముందు పెట్టి, తలొంచుకుని జరిగింది చెప్పింది. వెరెయిమి కోప్పడలేదు.

"ఏం గీసిందో మీరే చెప్పండి."

చర్చి, రేవు, తోటలు, ఒక్కొక్కటే చెప్పింది.

"నా పడవ గీసిందా?"

ఉనైసి నావైపు చూసింది. నాకూ గుర్తులేదు. గీసిందని అనేస్తే పోయేది, కానీ ఆమెకి నోరు రాలేదు.

"గుర్తులేదన్నా," అని ఏడ్చేసింది.

"రేవు గీసిందంటే పడవ గీసే ఉంటుందిలే," అన్నాడు అతను, ఆమెనే ఓదారుస్తున్నట్టు.

ఆ తర్వాత ఉనైసి ఏ ఫైలూ పైకి పంపలేదు. తాఖీదులు వచ్చాయి, ప్రమోషన్ ఆగిపోయింది. ఏటా చివర్లో తల్లిదండ్రుల్ని బడికి పిలిచి, ఎవరి పిల్లల ఫైలు వాళ్ల చేతికే ఇచ్చేది. ఆ రోజు మాత్రం వెరెయిమి తెల్లవారకముందే చేపల వేటకి వెళ్లిపోయేవాడు.